నాకన్నీ తెలుసు డాక్టర్

మానసిక చికిత్స చేసేవాళ్లకు బాగా పరిచయమైన ఒక రకం మనిషి ఉంటాడు. తన కథ తనకు కంఠతా వచ్చు. "చిన్నప్పుడు నాన్న ముందు నోరెత్తలేకపోయాను, అందుకే ఇప్పుడు పై అధికారి ముందు గొంతు పెగలదు. ఎవరైనా వదిలేసి పోతారేమోనన్న భయంతో నేనే ముందు తెగతెంపులు చేసుకుంటాను. ఇవన్నీ నాకు తెలుసు డాక్టర్" అంటాడు. చెప్పేదంతా నిజమే. కారణం, ఫలితం, బాల్యంలోని సంఘటన అన్నీ ఎక్కడివక్కడ అతుకుతాయి. మర్నాడు ఆఫీసులో గొంతు మళ్లీ పెగలదు.

మనోవిశ్లేషణను చాలాకాలం ఇరుకున పెట్టింది ఈ మనిషే. ఆ విద్య పుట్టిందే, దాగింది బయటపడితే నయమవుతుందన్న నమ్మకం మీద. 1895లో బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి హిస్టీరియా మీద పుస్తకం తెచ్చినప్పుడు చెప్పింది స్థూలంగా ఇదే: అణిగిపోయిన జ్ఞాపకం, దాని తాలూకు ఉద్వేగంతో సహా మాటల్లోకి వస్తే జబ్బు లక్షణం పోతుంది. పోనుపోను ఆ "ఉద్వేగంతో సహా" అన్న షరతు వెనక్కి జరిగి, డాక్టరు చెప్పే అర్థం ముందుకొచ్చింది. కలల్లో, మాట తడబాట్లలో, మౌనంలో దాగిన అర్థాన్ని పట్టి రోగికి అందించడాన్ని వ్యాఖ్యానం అన్నారు. ఈ వైద్యంలో అసలు పనిముట్టు అదేనని అనుకున్నారు.

దాని పరిమితి ఫ్రాయిడ్‌కి తెలియక కాదు. అచేతనంలో, అంటే మనిషికి తనకే తెలియని మనసు పొరలో, ఏముందో రోగికి ఊరికే చెప్పేస్తే, అది కరువులో ఆకలితో ఉన్నవాళ్లకు హోటల్ మెనూ కార్డులు పంచినట్టుంటుందని 1910లోనే ఎత్తిపొడిచాడు. తెలిసింది ఒంటబట్టడానికి కాలం పడుతుందని, ఆ కాలం రోగికి ఇవ్వాల్సిందేనని 1914లో మరో వ్యాసం రాశాడు. ఒంటబట్టే ఆ వ్యవధిలో జరిగేదేమిటి? దానికి మంచి జవాబు, నా దృష్టిలో, ఒక పిల్లల డాక్టరు బల్ల మీద దొరికింది.

డొనాల్డ్ వినికాట్ లండన్‌లోని పాడింగ్టన్ గ్రీన్ పిల్లల ఆసుపత్రిలో దాదాపు 40 ఏళ్లు పనిచేశాడు. మనోవిశ్లేషకుడయ్యాక కూడా పిల్లల వార్డు వాసన అతని రాతల్లోంచి పోలేదు. 1941లో అచ్చయిన ఒక వ్యాసంలో, 5 నుంచి 13 నెలల మధ్య పసివాళ్లను తను ఎలా గమనించేవాడో చెప్పాడు. తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంటుంది. బల్ల అంచున, బిడ్డ చేతికందే దూరంలో, నాలుక అదిమి గొంతు చూసే లోహపు రేకు ఒకటి తళతళలాడుతూ ఉంటుంది. పెద్దవాళ్లు ఏమీ అనకూడదు, ఏమీ అందివ్వకూడదు.

బిడ్డ దాన్ని చూస్తుంది. చెయ్యి చాపుతుంది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోతుంది. కళ్లు ఇంతలేసి చేసుకుని డాక్టరు మొహం, అమ్మ మొహం మార్చి మార్చి చూస్తుంది. ఒక్కోసారి అమ్మ గుండెల్లో మొహం దాచుకుంటుంది. వినికాట్ దీన్ని తటపటాయింపు దశ అన్నాడు. కాసేపటికి నోరు మెత్తబడుతుంది, చొంగ ధారగా కారుతుంది, చూస్తుండగానే రేకు నోట్లోకి పోతుంది. ఇక ఆ రేకు బిడ్డ సొత్తు. దాంతో బల్ల బాదుతుంది, డాక్టరుకు తినిపిస్తుంది. ఆయన తిన్నట్టు నటించాలి. తెలివితక్కువగా నిజంగానే నోట్లో పెట్టుకుంటే బిడ్డకు కోపం వస్తుంది.

తటపటాయిస్తున్న బిడ్డ నోట్లో రేకు మనమే పెట్టబోతే? కుదరదు. బలవంతం చేస్తే గుక్కపట్టి ఏడుస్తుంది, కొందరికి కడుపునొప్పి కూడా వస్తుందని వినికాట్ రాశాడు. రేకు అదే, నోరూ అదే. పెట్టిన చెయ్యి వేరు.

ఇప్పుడు ఆ రేకు స్థానంలో ఒక వ్యాఖ్యానాన్ని ఉంచి చూడండి. మొదట్లో చూసిన మనిషి ఇబ్బంది ఎక్కడుందో కనిపిస్తుంది. అతనికి చెప్పిన కారణాలు తప్పు కావు. ఎవరో తినిపించినవి, లేదా తనే తొందరపడి కుక్కుకున్నవి. చొంగ కారలేదు.

వినికాట్ కూడా ఇది తన విషయంలో ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు తీసుకున్నాడు. 1968లో, చనిపోవడానికి రెండేళ్ల ముందు, న్యూయార్క్‌లో చదివిన పత్రంలో, వ్యాఖ్యానించాలన్న తన సొంత యావ వల్ల ఎందరు రోగుల్లో రావలసిన మార్పును ఆపానో, ఆలస్యం చేశానో తలచుకుంటే భయమేస్తోందన్నాడు. ఇప్పుడు వ్యాఖ్యానం చేస్తున్నది ప్రధానంగా తన అవగాహనకు హద్దులున్నాయని రోగికి తెలియడానికేనని కూడా అన్నాడు. ఆ వయసులో, ఆ పేరున్న డాక్టరు ఇలా అనడం చిన్న విషయం కాదు.

అదే కాలంలో మైకేల్ బాలింట్ అనే మరో మనోవిశ్లేషకుడు తన రోగి ఒకామె గురించి రాశాడు. ముప్ఫైకి దగ్గరపడుతున్న చలాకీ మనిషి, ఏ పనీ ముగింపుకు తేలేకపోతున్నానన్నది ఆమె బాధ. పడే ప్రమాదమున్న దేనికీ సిద్ధపడదు. ఒకరోజు మాటల్లో, చిన్నప్పటి నుంచి ఎంత ప్రయత్నించినా పిల్లిమొగ్గ వెయ్యలేకపోయానని అంది. "ఇప్పుడైతేనో?" అన్నాడు బాలింట్. ఆమె పడక మీంచి లేచి, అక్కడికక్కడే, తనే అవాక్కయ్యేలా నిండైన పిల్లిమొగ్గ వేసింది. ఆ తర్వాత ఆమె జీవితంలో చాలా కదిలాయి. పిల్లిమొగ్గకు అర్థం చెప్పదలిస్తే బోలెడు చెప్పొచ్చు. బాలింట్ ఆ గదిలో చెప్పలేదు.

అమెరికన్ విశ్లేషకుడు థామస్ ఆగ్డెన్ 2019లో ఈ మళ్లింపుకు పేరు పెట్టాడు. ఫ్రాయిడ్‌ది, ఆయన తర్వాతి విశ్లేషకురాలు మెలనీ క్లైన్‌ది ప్రధానంగా తెలుసుకోవడం మీద నడిచే విశ్లేషణ, వినికాట్‌ది, మరో విశ్లేషకుడు బియాన్‌ది ఉండటం, అవడం మీద నడిచేది అన్నాడు. రెండూ విడివిడి అరల్లో ఉండవని, ఒకదానిలో ఒకటి కలిసే ఉంటాయని కూడా చెప్పాడు. ఆ వ్యాస శీర్షికలో పిల్లల్ని అందరూ అడిగే ప్రశ్న ఉంది: పెద్దయ్యాక ఏమవుతావు?

తెలుగు వ్యాకరణం ఈ తేడాను ముందే పట్టుకుంది. "నాకు తెలుసు" అంటాం, "నేను ఉన్నాను" అంటాం. తెలియడంలో మనిషి వచ్చిపడినదాన్ని పుచ్చుకునేవాడు, ఉండటంలో కర్త. స్పృహ తప్పి లేచినవాణ్ణి చూసి "తెలివొచ్చింది" అంటామే, ఆ తెలివి రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

మరి థెరపిస్టు చేసే పనేమిటి, ఊరికే కూర్చోవడమా? కూర్చోవడంలోనే పనుంది. మన ఉత్తరాది మథురలో 1897లో పుట్టిన విల్‌ఫ్రెడ్ బియాన్, పసిబిడ్డ భరించలేని భయాన్ని తల్లి ముందు తను భరించి, బిడ్డ తట్టుకోగల రూపంలో తిరిగి ఇస్తుందన్నాడు. థెరపిస్టు చెయ్యాల్సిందీ అదే. అందుకోసం పాత సెషన్ల జ్ఞాపకాన్ని, రోగిని బాగుచేసెయ్యాలన్న కోరికను కూడా తలుపు బయట వదిలి రమ్మని 1967లో సలహా ఇచ్చాడు. ఆచరించబోయినవాళ్లకు అదెంత కష్టమో తెలుస్తుంది. ఎదుటి మనిషి ఏడుస్తుంటే మన నోటికి వచ్చే మొదటి వివరణ చాలాసార్లు మన కంగారు తగ్గడానికే.

ఇందులో మెదడుకు సంబంధించిన సంగతి కూడా ఉంది. సైకిల్ తొక్కడం తెలియడం, సైకిల్ గురించి తెలియడం వేర్వేరు జ్ఞాపక వ్యవస్థల పని. మనుషులతో ఎలా మెలగాలన్నది, అంటే ఎంత దగ్గరికి పోవచ్చు, కోపం చూపిస్తే ఏమవుతుంది లాంటిది, మాటలు రాకముందే మొదటి తరహాలో ఒంట్లో చేరిపోతుంది. పసిపిల్లల మనసు మీద పరిశోధించిన డేనియల్ స్టెర్న్‌తో కూడిన బోస్టన్ విశ్లేషకుల బృందం 1998లో వాదించింది ఇదే: అలా చేరినది వివరణతో మారదు, మరో మనిషితో కొత్తగా మెలిగిన అనుభవంతో మారుతుంది. అధికారి ముందు గొంతు పెగలనివాడు ఒకరోజు థెరపిస్టు మీదే కోపం తెచ్చుకుని, మరుసటి వారం వచ్చి చూస్తే ఆ మనిషి అదే కుర్చీలో, ముఖం మాడ్చుకోకుండా ఉంటాడు. నాన్న గురించిన ఏ వివరణా అతనికి ఇవ్వనిది అక్కడ దొరుకుతుంది.

నాకు ఒక అనుమానం మాత్రం ఉంది. "ఉండటం" అన్న మాట చాటున బద్ధకం కూడా కూర్చోగలదు. ఏమీ తోచక మాట్లాడని థెరపిస్టుకూ, తెలిసి ఆగిన థెరపిస్టుకూ బయటికి తేడా కనిపించదు. ఓస్లోలో హోగ్లెండ్ బృందం చేసిన అధ్యయనం అందుకే గుర్తుంచుకోదగ్గది. 100 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఏడాది పాటు చికిత్స చేశారు. ఒక జట్టుకు, రోగికీ థెరపిస్టుకూ మధ్య నడుస్తున్నదాన్ని విప్పి చెప్పే వ్యాఖ్యానాలు ఇచ్చారు, రెండో జట్టుకు ఇవ్వలేదు. మొత్తం మీద జట్ల మధ్య పెద్ద తేడా రాలేదు. కానీ జీవితమంతా సంబంధాలు బెడిసికొట్టినవాళ్లకు మాత్రం ఆ వ్యాఖ్యానాలే ఎక్కువ మేలు చేశాయి, ఆ మేలు కలిగింది కూడా వాళ్లకు తమ గురించి అవగాహన పెరగడం ద్వారానే. ఎవరికి మాటలు అక్కర్లేదని మనం అనుకుంటామో వాళ్లకే మాటలు పనికొచ్చాయన్నమాట. రేకు అసలు బల్ల మీద పెట్టకపోతే బిడ్డ తటపటాయించేది దేని ముందు?

వినికాట్ ఆటలో మూడో దశ ఒకటి ఉంది. కాసేపు ఆడాక బిడ్డ రేకును కింద పడేస్తుంది, మొదట పొరపాటున పడినట్టు. తీసి ఇస్తే సంతోషించి మళ్లీ పడేస్తుంది, ఈసారి కావాలని. అది నేలకు తగిలి ఖంగుమన్న ప్రతిసారీ నవ్వుతుంది. చివరికి తనూ రేకుతో పాటు నేల మీదికి దిగుతానంటుంది, లేదా దాని మీద ఆసక్తి పోయి గదిలో ఇంకేమున్నాయో చూస్తుంది. డాక్టరు వంగి రేకు తీసుకుంటాడు. బయట ఇంకో తల్లి, ఇంకో బిడ్డ ఎదురుచూస్తుంటారు.