బంగాళాఖాతంలో ధ్వనికీ నీడ ఉంది

'అణ్వస్త్రాన్ని మేము ముందుగా వాడం అని మాట ఇచ్చేశాక ఇంకెవరు భయపడతారు?' అని ఒక పాఠకుడు అడిగారు. 2003 జనవరిలో ప్రకటించిన మన అణు విధానంలో ఆ మాట పక్కనే ఇంకొకటి ఉంది: మనపై ప్రయోగిస్తే ఎదురుదెబ్బ భరించలేనంతగా ఉంటుంది. తొలి దెబ్బ తిన్నాక కూడా కొట్టాలంటే, ఆ దెబ్బకు దొరకని ఆయుధం ఉండాలి. వైమానిక స్థావరాలు ఉపగ్రహాల కంటపడతాయి. అందుకే విశాఖపట్నంలో అణు క్షిపణులు మోసే అరిహంత్ జలాంతర్గామిని కట్టి, 2009 జూలై 26న కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దించారు. కొబ్బరికాయ సంగతి అటుంచితే, దాన్ని కాపాడేది సముద్రపు భౌతికశాస్త్రం.

రాడార్ తరంగాలు ఉప్పునీటిలో పైపైనే ఇంకిపోతాయి. ఇక జలాంతర్గామిని వెతకడానికి మిగిలింది ధ్వని. నీటిలో దాని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు, కానీ అన్ని లోతుల్లోనూ ఒకేలా ఉండదు. ఎద్దుబండికి ఒక చక్రం బురదలో దిగబడితే బండి అటే తిరుగుతుంది కదా, ధ్వనీ అంతే. వేగం తగ్గిన వైపుకు ఒంగుతుంది. వక్రీభవనమంటే గ్లాసులో వంగిన పెన్సిలని చెప్పి వదిలేసే మన బడి పాఠాల్లో ఈ ముచ్చటే ఉండదు!

నీరు ఒక డిగ్రీ చల్లబడితే ధ్వని వేగం సెకనుకు దాదాపు 3 మీటర్లు తగ్గుతుంది. వంద మీటర్లు లోతుకు వెళ్తే పీడనం వల్ల ఒకటిన్నర మీటర్లకు పైగా పెరుగుతుంది. ఉప్పు పెరిగినా వేగం పెరుగుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చిపోసే మంచినీరు తేలిక కాబట్టి బంగాళాఖాతం పైన పరుచుకుంటుంది. ఆ పొరలో వేడి ఇంచుమించు ఒకటే, కిందికి పోయేకొద్దీ ఉప్పూ పీడనమూ పెరుగుతాయి. అంటే వేగం తగ్గే బురద పైనుంది, బండి పైకి తిరుగుతుంది. పొర దాటగానే కథ తారుమారు. 28 డిగ్రీల నీరు 200 మీటర్ల లోతుకు 15 డిగ్రీల దాకా పడిపోతుంది. ఆ చలికి తగ్గే వేగం 40 మీటర్లకు దగ్గర, పీడనం తిరిగిచ్చేది మూడే. ఇక్కడ బురద కిందుంది. ఓడలోని సోనార్, అంటే ధ్వనితో వెతికే పరికరం, పంపిన ధ్వని పొర అడుగున చీలిపోయి కొంత పైకి, కొంత అడుక్కి పోతుంది. మధ్యలో మిగిలిన నీడలో జలాంతర్గామి ఉంటుంది.

ఆ నీడ అభేద్యమేమీ కాదు. పొడవాటి తీగతో సోనార్‌ను పొర కిందికి దించి వినే ఓడలున్నాయి. పైగా లోపలున్నవారికి ఆదేశం అందాలి. తిరునెల్వేలి దగ్గరి నౌకాదళ రేడియో కేంద్రం ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ నుంచి అతి తక్కువ పౌనఃపున్య రేడియో తరంగాలు పంపుతారు. అవీ నీటిలో కొన్ని మీటర్లే దిగుతాయి కాబట్టి యాంటెన్నా తీగను పైకి వదలాలి.

అరిహంత్ తొలి క్షిపణి కే-15 పరిధి 750 కిలోమీటర్లు. దానితో దూరపు లక్ష్యాన్ని కొట్టాలంటే ఈ నీళ్లు వదిలి పరాయి తీరానికి దగ్గరగా వెళ్లక తప్పదు. 2024 నవంబరులో ఆ తరహా రెండో జలాంతర్గామి అరిఘాత్ నుంచి పరీక్షించిన కే-4కు పరిధి 3500 కిలోమీటర్లు.