కిట్ టర్బో పాడైతే: అపోహలు, వాస్తవాలు

టర్బో అంటే ఎగ్జాస్ట్ వాయువుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే పరికరం. కంపెనీ నుంచే టర్బోతో వచ్చిన కారు వేరు, బయట కిట్ కొని టర్బో బిగించుకున్న కారు వేరు. మొదటి దానిలో ఆయిల్ పైపు ఎంత లావుండాలి, ఏ కోణంలో దిగాలి అన్నవి కారు తయారు చేసినవాళ్లే తేల్చి పెడతారు. రెండో దానిలో ఆ పని కిట్ అమ్మినవారు కొంత, బిగించినవారు కొంత చేస్తారు. ఎవరూ చేయని పని కూడా కొంత మిగిలిపోతుంది. టర్బోలు విప్పి బిగించడమే నా వృత్తి. నా బల్ల మీదికి వచ్చే కిట్ టర్బోల్లో ఎక్కువ భాగం ఆ మిగిలిపోయిన పని వల్ల చెడినవే. కొత్తది కొనే ముందు ఈ మాటలు చదవండి.

అపోహ: నీలం పొగ వస్తోందంటే టర్బో సీల్ పోయినట్టే.

చాలా డబ్బు ఈ ఒక్క నమ్మకం వల్లే వృథా అవుతోంది. టర్బోలో మనం ఊహించుకునే రబ్బరు సీల్ ఉండదు. షాఫ్టుకు టర్బైన్ (ఎగ్జాస్ట్ చక్రం) వైపు, కంప్రెసర్ (గాలి నెట్టే చక్రం) వైపు సన్నని లోహపు రింగులు ఉంటాయి, పిస్టన్ రింగుల తరహాలో. నిండుగా నిలిచిన ఆయిల్‌ను ఆపే శక్తి వాటికి లేదు. ఆయిల్ లోపలికి పంపు ఒత్తిడితో వస్తుంది, బయటికి మాత్రం కేవలం బరువుతో, నురగ కట్టి జారిపోవాలి. ఆ జారే దారికి అడ్డు తగిలిందా, ఎంత కొత్త టర్బో అయినా రింగుల పక్క నుంచి ఆయిల్ కక్కుతుంది.

అందుకే నేను మొదట చూసేది ఆయిల్ కిందికి దిగే రిటర్న్ పైపును. లోపలి వ్యాసం 12 మి.మీ.కు తగ్గకూడదు, మధ్యలో ఎక్కడా కడుపు జారి వేలాడకూడదు, వీలైనంత నిటారుగా దిగాలి. కిట్ బిగించేటప్పుడు సంపుకు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికి) రంధ్రం చేసి నిపిల్ పెడతారు కదా, ఆ రంధ్రం ఆయిల్ మట్టానికి పైన ఉండాలి. చాలా కార్లలో చేయి దూరే చోటు చూసుకుని కిందికి చేస్తారు. ఇంకో దొంగ ఉన్నాడు: గ్యాస్కెట్ బదులు పూసిన సిలికాన్. ఫ్లాంజ్ (పైపు చివరి బిగింపు పలక) బిగించగానే లోపలికి పొంగి, సగం దారి మూసేస్తుంది. పైకి ఏమీ కనిపించదు, పైపు విప్పి టార్చి వేస్తే ఎర్రటి పెదవిలా కనిపిస్తుంది.

పైపు బాగుంటే ఇంజిన్ వైపు చూడాలి. పిస్టన్ రింగులు అరిగి క్రాంక్ కేసులో (ఇంజిన్ కింది గదిలో) ఒత్తిడి పెరిగితే ఆయిల్ దిగనే దిగదు. బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) వచ్చినప్పుడు పీసీవీ వాల్వు (ఆ గదిలోని ఆవిరిని వదిలేది) సరిగా మూసుకోకపోయినా ఇదే జరుగుతుంది. టర్బో లేకుండా పుట్టిన ఇంజిన్‌లో ఆ వాల్వు అంత ఒత్తిడి కోసం చేసింది కాదు మరి. కంప్రెషన్, లీక్ డౌన్ పరీక్షలు (సిలిండర్లు ఒత్తిడిని నిలుపుతున్నాయో లేదో చూసేవి) చేయించకుండా కొత్త టర్బో కొంటే, కొత్త టర్బోతో పాత పొగ చూస్తారు.

ఆయిల్ లోపలికి వచ్చే ఫీడ్ వైపు కూడా ఒక చిక్కుంది. బాల్ బేరింగ్ టర్బోకు ఆయిల్ తక్కువ చాలు, అందుకే చాలా సెటప్‌లలో ఫీడ్ దగ్గర సుమారు 1 మి.మీ. రంధ్రమున్న రెస్ట్రిక్టర్ (ఆయిల్‌ను తగ్గించే ఫిటింగు) పెడతారు. మామూలు బుష్ బేరింగ్ టర్బోకు ఆయిల్ ఎక్కువ కావాలి. ధర చూసి బాల్ బేరింగ్ స్థానంలో బుష్ టర్బో వేసి, పాత ఫిటింగునే ఉంచేస్తే కొత్తది ఎండిపోయి చస్తుంది. దీనికి తిరగేసి, బుష్ టర్బో ఫిటింగు మీద బాల్ బేరింగ్ టర్బో వేస్తే పొగ.

అపోహ: షాఫ్టు వేలికి ఊగుతోంది, ఇక పనికిరాదు.

బుష్ టర్బో షాఫ్టు పక్కలకు కొంచెం ఊగడం సహజం. బుష్‌కు రెండు వైపులా ఆయిల్ పొర ఉండేంత ఖాళీ కావాలనే అలా చేస్తారు. ఇంజిన్ నడిచేటప్పుడు ఆ పొరే షాఫ్టును మధ్యలో నిలుపుతుంది. చూడాల్సింది ముందుకూ వెనక్కూ కదలిక. అది వేలికి స్పష్టంగా తెలిసిందంటే థ్రస్ట్ బేరింగ్ (ఆ కదలికను ఆపేది) అరిగినట్టే. అలాగే పక్కకు నొక్కి తిప్పినప్పుడు రెక్క అంచు హౌసింగును గీరితే, ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు.

థ్రస్ట్ బేరింగ్ అరిగితే కారణం వెతకండి. బ్లో ఆఫ్ వాల్వు (మిగిలిన గాలిని వదిలేది) పనిచేయక, యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ గాలి వెనక్కి తన్నడం కిట్ కార్లలో మామూలే.

అపోహ: టర్బో ఒక్కటి మారిస్తే పని ముగిసినట్టే.

కంప్రెసర్ రెక్క విరిగి ఉంటే అల్యూమినియం ముక్కలు గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లో చేరతాయి. కొన్నాళ్లకు కదిలి ఇంజిన్‌లోకి వెళ్తాయి. ఇంటర్‌కూలర్ కడగడం కుదరకపోతే మార్చండి. టర్బైన్ వైపు విరిగితే ముక్కలు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ఇరుక్కుంటాయి, అప్పుడు ఎగ్జాస్ట్ ఒత్తిడి పెరిగి కొత్త టర్బో మీద పడుతుంది. ఆయిల్ ఫీడ్ పైపు మాత్రం కడిగి వాడకండి, కొత్తదే వేయండి. లోపల మాడి గట్టిపడిన ఆయిల్ ఏ కడుగుడుకూ పూర్తిగా రాదు.

కోర్ (షాఫ్టు, బేరింగులు ఉన్న మధ్య భాగం) మాత్రమే మార్చినా ఒక విషయం మరవద్దు. కిట్‌కు తగ్గట్టు హౌసింగులను తిప్పి అమరుస్తారు, ఆయిల్ రంధ్రం కిందికి చూసేలా. కంప్రెసర్ హౌసింగ్ కొంచెం తిరిగినా దానికున్న యాక్చుయేటర్ కడ్డీ (ఎగ్జాస్ట్‌ను పక్కకు వదిలి బూస్ట్‌ను అదుపు చేసే వేస్ట్‌గేట్ తలుపును కదిపేది) పొడవు లెక్క మారిపోతుంది. వేస్ట్‌గేట్ త్వరగా తెరుచుకుంటే బూస్ట్ రాదు, ఆలస్యమైతే అవసరానికి మించి వస్తుంది. 0.5 బార్‌కు ట్యూన్ చేసిన ఇంజిన్‌కు 0.8 వస్తే పిస్టన్ల సంగతి చెప్పనక్కర్లేదు. గాలి పంపుతో కడ్డీ ఎంత ఒత్తిడికి కదులుతుందో మీటరు పెట్టి చూసి బిగించాలి.

అపోహ: ఎలాగూ మారుస్తున్నాం, ఒక సైజు పెద్దది వేద్దాం.

బూస్ట్ ఆలస్యంగా వస్తుంది. ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు, ట్యూనింగ్ అన్నీ మళ్లీ చూడాలి. అంత బడ్జెట్ లేకపోతే అదే సైజు వేయండి.

అపోహ: బిగించాక గట్టిగా రేస్ చేసి చూస్తేనే బాగుందో లేదో తెలుస్తుంది.

చిన్న టర్బో షాఫ్టు నిమిషానికి 2 లక్షల చుట్లకు పైగా తిరగగలదు. ఆయిల్ చేరకముందే రేస్ చేస్తే కొన్ని సెకన్లలోనే బేరింగ్ గీతలు పడుతుంది. ఫీడ్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి, చక్రాన్ని చేత్తో తిప్పండి. ఇంధనం, ఇగ్నిషన్ ఆపి స్టార్టర్‌తో ఇంజిన్ తిప్పుతూ రిటర్న్‌లో ఆయిల్ కనిపించేదాకా ఆగండి. తర్వాత స్టార్ట్ చేసి కొన్ని నిమిషాలు ఐడిల్‌లో వదిలేయండి. ఈ పనికి తొందరపడే షెడ్డు నుంచి కారు వెనక్కి తీసుకురావడం మేలు.

అపోహ: టర్బో చల్లబడాలంటే ప్రతిసారీ ఐదు నిమిషాలు ఐడిల్ చేసి ఆపాలి.

నీళ్లతో చల్లబడే కోర్ అయితే, చివరి కిలోమీటరు నెమ్మదిగా నడిపితే సాధారణంగా చాలు. కిట్‌లో నీళ్ల పైపులు కలపకుండా మూసేసి ఉంటే అది వేరే సంగతి, ముందు అవి కలిపించండి.

అపోహ: కిట్ ఉన్నా బీమా ఉంది కదా.

మన దేశంలో రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా వాహనం మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. క్లెయిమ్ రోజున ఈ ప్రశ్న వస్తుంది.

కొత్త టర్బోతో మొదటి 500 కి.మీ. తర్వాత ఫ్లాంజ్ నట్లు మళ్లీ బిగించి చూడండి, వేడికి వదులవుతాయి. అప్పుడే ఆయిల్, ఫిల్టర్ మార్చి, తీసిన ఫిల్టర్‌ను కోసి కాగితం మడతలు విప్పండి. లోహపు మెరుపు కనిపిస్తే ఆ కారును నడపకండి, ట్రాలీ మీద పంపండి.