సెన్సిటివిటీ రిపోర్టులోని అంకెలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎం.ఐ.సి. (రిపోర్టులో ఒక్కో యాంటీబయాటిక్ ఎదుట ఉండే అంకె, అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపే ఆ మందు కనీస గాఢత) ఎంత తక్కువగా ఉంటే ఆ మందు అంత బలమైనది.

వాస్తవం: మైక్రోబయాలజీ విభాగంలో పనిచేసే నాకు ఇంతగా విసుగు తెప్పించే మాట మరొకటి లేదు. ఒక యువకుడు తన తల్లి మూత్రం కల్చర్ (నమూనాలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) రిపోర్టు తెచ్చి, మెరోపెనెమ్ ఎదుట 0.25, నైట్రోఫ్యురాంటోయిన్ ఎదుట 16 ఉన్నాయనీ, డాక్టరు గారు 64 రెట్లు బలహీనమైన మాత్ర రాశారనీ లెక్క కట్టి మరీ వాపోయాడు. అతని ఆందోళనను తప్పు పట్టలేను. అంకెలు పక్కపక్కనే అచ్చు వేసి వివరణ ఇవ్వకపోతే ఎవరైనా పోల్చే చూస్తారు. కానీ ఒక్కో మందు దేహంలో ఎక్కడికి, ఎంత గాఢతతో చేరుతుందో వేరువేరు కనుక, ఒక్కో దానికి వేరే హద్దు ఉంటుంది. ఈ.కోలై వంటి బ్యాక్టీరియాకు సి.ఎల్.ఎస్.ఐ. (ల్యాబు పరీక్షల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) పెట్టిన 'ఎస్' (మందుకు లొంగుతుంది) హద్దు మెరోపెనెమ్‌కు 1, నైట్రోఫ్యురాంటోయిన్‌కు 32. ఆమె రిపోర్టులో రెండూ హద్దు లోపలే ఉన్నాయి. నైట్రోఫ్యురాంటోయిన్ మూత్రంలో గాఢంగా చేరుతుంది, రక్తంలో మాత్రం చాలినంత నిలవదు. అందువల్ల మూత్రాశయానికే పరిమితమైన ఆమె ఇన్ఫెక్షన్‌కు ఆ మాత్ర సరైనదే. అదే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ఉంటే పనికివచ్చేది కాదు. ప్రాణం మీదికి వచ్చినప్పటి కోసం దాచుకోవలసిన మెరోపెనెమ్‌ను అంకె చూసి అడిగి వేయించుకుంటే, దానికీ లొంగని బ్యాక్టీరియాను మనమే పెంచినవాళ్లమవుతాము.

మందు నింపిన చిన్న బిళ్లను బ్యాక్టీరియా పూసిన పళ్లెంలో పెట్టి, చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని కొలిచే డిస్క్ పద్ధతిలోనూ ఇదే పొరపాటు తలకిందులుగా జరుగుతుంది. అక్కడ పెద్ద అంకె కోసం వెదకుతారు. 5 మైక్రోగ్రాముల సిప్రోఫ్లోక్సాసిన్ డిస్క్ చుట్టూ 25 మిల్లీమీటర్ల వలయం వచ్చినా అది 'ఎస్' కాదు, 26 ఉండాలి. 300 మైక్రోగ్రాముల నైట్రోఫ్యురాంటోయిన్‌కు 17 చాలు. డిస్కులోని మోతాదును, మందు అగార్‌లో (పళ్లెంలో బ్యాక్టీరియాను పెంచే జెల్లీలో) పాకే తీరును బట్టి వలయం మారుతుంది. అసలు చూడవలసింది అంకె పక్కనున్న అక్షరాన్ని, ఆపైన జబ్బు ఉన్న చోటును.

అపోహ: 'ఆర్' (రెసిస్టెంట్, అంటే లొంగదు) అంటే ఆ మందు రోగి ఒంటికి ఇక పడదు.

వాస్తవం: లొంగనిది ఆ బ్యాక్టీరియా, రోగి దేహం కాదు.

అపోహ: రిపోర్టు ఆలస్యమైతే ల్యాబు నిర్లక్ష్యమే.

వాస్తవం: బ్యాక్టీరియా పెరగడానికి సాధారణంగా ఒక రోజు, డిస్క్ పరీక్షకు ఆపైన 16 నుంచి 18 గంటలు పడతాయి.

అపోహ: కల్చర్‌లో ఏమీ పెరగకపోతే ఇన్ఫెక్షన్ లేనట్టే.

వాస్తవం: నమూనాకు ముందే యాంటీబయాటిక్ వేసుకున్నా పెరగకపోవచ్చు. వేసుకొని ఉంటే దాని పేరును, చివరి మోతాదు సమయాన్ని ల్యాబు ఫారంలో రాయించండి.