ఎడ్మంటన్ ఇంటికప్పుల మీద ఎండ

కెనడాలోని ఎడ్మంటన్‌లో జనవరి పొద్దున మైనస్ 30 డిగ్రీలంటే అక్కడివాళ్లు పెద్దగా ఆశ్చర్యపోరు. అలాంటి ఊళ్లో ఇంటికప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకుంటారంటే మనలో చాలామందికి నమ్మబుద్ధి కాదు. మనకు ఎండంటే వేడే గుర్తొస్తుంది కదా, కరెంటు కూడా ఆ వేడిలోంచే పుడుతుందనుకుంటాం. ప్యానెల్‌కు కావలసింది వెలుగు. వేడి దానికి గిట్టదు.

ప్యానెల్ మీద రాసి ఉండే వాట్ల లెక్క 25 డిగ్రీల దగ్గర కొలిచింది. ప్యానెల్‌లోని సిలికాన్ అంతకుమించి వేడెక్కితే డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున శక్తి తగ్గుతుంది. మే నెలలో హైదరాబాద్ డాబా మీద ప్యానెల్ 65 డిగ్రీలకు చేరిందనుకోండి, ఎండ మండిపోతున్నా 14 శాతం పోయినట్టే.

చలిలో లెక్క తిరగబడుతుంది. వోల్టేజీ పెరుగుతుంది. ఎంతగానంటే, వోల్టేజీలు కూడుకుంటూ పోయే ఒక వరుసలో ఎన్ని ప్యానెళ్లు కలపాలో ఆ ఊరి అతి తక్కువ ఉష్ణోగ్రతను బట్టి తేల్చాలి. అది మరిచి ఇంకొకటి ఎక్కువ కలిపితే, గడ్డకట్టే చలిలో ఎండ కాసిన ఓ ఉదయం, ప్యానెళ్ల కరెంటును ఇంటి వాడకానికి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్ దెబ్బతినొచ్చు. చలి దేశంలో జాగ్రత్త పడాల్సింది వోల్టేజీ ఎక్కువవుతుందని అన్నది నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

మన దగ్గర కిలోవాట్ ప్యానెళ్లకు రోజుకు 4 యూనిట్లన్నది వాడుక లెక్క. ఎడ్మంటన్‌లో ఏడాది సగటు 3 దాటుతుంది. ఆకాశం పొడిగా, తేటగా ఉండే ప్రెయిరీ మైదానాల పుణ్యమది. సోలార్‌కు పేరుపడ్డ జర్మనీలో బెర్లిన్‌కు కూడా అంత రాదు.

మరి మంచు కప్పేస్తే? అక్కడి సాంకేతిక విద్యాసంస్థ నైట్ (NAIT) వేర్వేరు ఏటవాలుల్లో ప్యానెళ్లు బిగించి ఏళ్ల తరబడి కొలిచింది. మంచు వల్ల ఏడాది మొత్తంలో పోయేది 5 శాతం ప్రాంతంలోనే, ఏటవాలు ఎక్కువైతే ఇంకా తక్కువ. మంచు బాగా కురిసే నెలల్లో ఎటూ వచ్చే కరెంటే కొంచెం.

అసలు చిక్కు అక్కడే ఉంది. డిసెంబరు 21 ప్రాంతంలో పగలు ఏడున్నర గంటలే. మధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి సుమారు 13 డిగ్రీల ఎత్తు దాటడు. జూన్‌లో పగలు 17 గంటలు. ఇంటి బ్యాటరీ పగటి కరెంటును రాత్రికి దాచగలదు గానీ, జూలైది డిసెంబరుకు దాచలేదు. ఎడ్మంటన్ ఉన్న అల్బర్టా రాష్ట్రం 2008లో తెచ్చిన నిబంధనల వల్ల మిగులు కరెంటు గ్రిడ్‌కు ఇస్తే బిల్లులో జమవుతుంది. అది డబ్బుల సర్దుబాటు. డిసెంబరు సాయంత్రం ఆ ఇంట్లో వెలిగే దీపానికి కరెంటు చాలామటుకు గ్యాస్ కేంద్రాల నుంచే వస్తుంది.

అందుకే నా ఓటు దక్షిణపు గోడకు. నిలువుగా బిగించిన ప్యానెల్ మీద మంచు నిలవదు. వాలిన సూర్యుడు దానికి దాదాపు ఎదురుగా ఉంటాడు. వాకిట్లో పరుచుకున్న తాజా మంచు తన మీద పడ్డ వెలుగులో 80 శాతానికి పైగా వెనక్కి చిమ్ముతుంది, అందులో కొంత ఈ ప్యానెల్‌కూ అందుతుంది. వేసవిలో కప్పు మీది ప్యానెల్‌తో అది పోటీపడలేదు. కానీ అక్కడ ఒక్కో యూనిట్‌కూ ఎదురుచూసేది చలికాలంలోనే.