జీవో 49 గొడవకు మూలం పులి కాదు, సమితి

ఆసిఫాబాద్ జిల్లా అడవిని పులుల దారిగా కాపాడేందుకు తలపెట్టిన కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వు కోసం 2025 మే 30న ఇచ్చిన జీవో 49ని ప్రభుత్వం జులై 21న తాత్కాలికంగా నిలిపివేసింది. ఆ రోజు జీవోను రద్దు చేయాలంటూ ఆసిఫాబాద్ ప్రాంతంలో బంద్ నడుస్తోంది. ఆపడం వేరు, రద్దు చేయడం వేరు. గొడవ మళ్లీ మళ్లీ రాజుకునేది అందుకే.

కుమురం భీం పోరాడిన జోడేఘాట్, 1981లో గోండుల మీద పోలీసు కాల్పులు జరిగిన ఇంద్రవెల్లి అందరికీ తెలిసిన సంగతులే. ఎవరూ పెద్దగా తలచుకోనివి వన సంరక్షణ సమితులు, అంటే అడవి కాపలాకు అటవీ శాఖ ఊరివాళ్లతో వేసిన కమిటీలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో పుట్టి, ప్రపంచ బ్యాంకు అప్పుతో విస్తరించాయి. ఊళ్లలో వీఎస్‌ఎస్ అంటేనే తెలుస్తుంది. గూడేనికి దక్కింది ప్లాంటేషన్ గుంతలు తవ్విన కూలి. పెత్తనం శాఖ చేతుల్లోనే ఉండిపోయింది. చాలాచోట్ల పోడు చేల మీదే మొక్కలు లేచాయి.

2006 అటవీ హక్కుల చట్టం అనగానే పట్టాలే గుర్తొస్తాయి. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి 4 హెక్టార్ల దాకా హక్కు. పత్రం మీద భార్య పేరూ ఉండాలి. పిల్లలకు దక్కుతుంది, అమ్ముకోవడానికి వీల్లేదు. అసలు బలం మాత్రం సామూహిక హక్కులో ఉంది: ఊరు తరతరాలుగా కాపాడుకొస్తున్న అడవిని ఇకమీదటా తానే కాపాడుకోవచ్చు. ఈ పత్రాల్లో చాలావాటిని అప్పటి ప్రభుత్వం గ్రామసభల పేరిట కాకుండా వీఎస్‌ఎస్‌ల పేరిట రాసిచ్చింది. ఇచ్చినట్టే ఇచ్చి, శాఖ గుప్పిట్లోనే ఉంచుకుందన్నమాట. 2010లో కేంద్రం వేసిన సంయుక్త కమిటీ దీన్ని తప్పుబట్టింది కూడా.

శాఖ వాదన ఇది: మహారాష్ట్రలోని తాడోబా, ఇక్కడి కవ్వాల్ పులుల అభయారణ్యాల మధ్య పులులు తిరిగే దారి కాపాడాలి, ఊళ్లేవీ ఖాళీ చేయించం. దారి అవసరం నిజమే. కానీ కన్జర్వేషన్ రిజర్వును స్థానికులతో సంప్రదించాకే ప్రకటించాలని వన్యప్రాణి చట్టంలోని 36ఎ సెక్షనే చెబుతోంది. దాదాపు 1,493 చదరపు కిలోమీటర్ల మేర గీత గీసేముందు ఏ గ్రామసభను అడిగారన్నది గూడేల ప్రశ్న. పులి అంటే వాళ్లకు కాగితం మీది బొమ్మ కాదు. 2020 నవంబరులో నెల తిరక్కుండా ఈ జిల్లాలో ఇద్దరిని పులి పొట్టన పెట్టుకుంది. అందులో ఒక యువతి పత్తి చేలో పని చేసుకుంటోంది.

కింది స్థాయి సిబ్బందీ నలుగుతున్నారు. 2019 జూన్‌లో కాగజ్‌నగర్ మండలం సార్సాలలో మొక్కల కోసం భూమి దున్నించబోతే, ట్రాక్టర్ ఎక్కిన మహిళా అటవీ అధికారిని కర్రలతో కొట్టారు. ఆ దెబ్బలకు సాకులు వెతకనక్కర్లేదు. కానీ పోడు లెక్క తేలకముందే దుక్కికి పంపింది ఆమె పైవాళ్లు.

2023 జూన్ 30న 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాల పంపిణీ మొదలైందీ ఆసిఫాబాద్‌లోనే. అవి ఎవరి చెలక వారికిచ్చిన పట్టాలు. ఊరి అడవి ఊసు అందులో లేదు. రేపు సంప్రదింపులంటూ జరిగితే శాఖ పిలిచేది గ్రామసభనా, సంతకాలకు సిద్ధంగా ఉండే సమితినా అని గూడేల్లో ఇప్పటికే అడుగుతున్నారు.