సున్నా లేని అంకెలకు కంప్యూటర్‌లో చోటు

ఇథియోపియా వాళ్ల గీజ్ లిపిలో అంకెల గుర్తులు మొత్తం ఇరవై. ఒకటి నుంచి తొమ్మిది వరకు తొమ్మిది, పది నుంచి తొంభై వరకు పదులకు మరో తొమ్మిది, నూరుకు ఒకటి, పదివేలకు ఒకటి. సున్నా లేదు. విచిత్రంగా, వెయ్యికీ లేదు. వీటి రూపాలు గ్రీకులు అంకెలుగా వాడుకున్న అక్షరాల నుంచి వచ్చాయి. పదివేల గుర్తు మాత్రం నూరు పక్కన నూరు పెట్టి అతికించినది. నూరు నూర్లు పదివేలే కదా!

రాసే పద్ధతి మనం నోటితో చెప్పే లెక్కకు దగ్గరగా ఉంటుంది. 475 రాయాలంటే నాలుగు, నూరు, డెబ్బై, అయిదు అని నాలుగు గుర్తులు వరసగా పెడతారు. 2000కు రెండు చాలు: ఇరవై, నూరు. 2007 సెప్టెంబరులో ఇథియోపియా తన క్యాలెండర్ ప్రకారం 2000వ సంవత్సరంలో అడుగుపెట్టినప్పుడు, పాత లిపిలో ఆ ఏడాది పేరు ఆ రెండు గుర్తులే.

ప్రపంచ లిపుల్లోని ప్రతి గుర్తుకూ కంప్యూటర్ కోసం ఒక నంబరు ఇచ్చే ప్రమాణం యూనికోడ్. 1999లో వచ్చిన దాని 3.0 రూపంలో ఈ లిపికి చోటు దొరికింది. అంకెలు ఇరవైకీ పక్కపక్కనే ఇరవై గదులు ఇచ్చారు. అసలు పేచీ ఆ తర్వాతే మొదలవుతుంది. గుర్తుకు నంబరు ఇచ్చినంత మాత్రాన కంప్యూటర్‌కు లెక్క అర్థం కాదు. తెలుగు అంకెల్లో ౧౨ అని ఇస్తే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష దాన్ని శుభ్రంగా పన్నెండుగా మార్చేస్తుంది, ఎందుకంటే మన అంకెలకు సున్నా ఉంది, స్థానాన్ని బట్టి విలువ ఉంది. గీజ్ ఒకటి ఇస్తే? 'ఇది అంకేనా' అని అడిగితే అవునంటుంది. 'అయితే సంఖ్యగా మార్చు' అంటే తప్పని మొరాయిస్తుంది. మొదట్లో యూనికోడ్ కూడా ఒకటి నుంచి తొమ్మిది వరకు గుర్తులను మామూలు దశాంశ అంకెల జాబితాలోనే వేసింది, తర్వాత 'ఇతర సంఖ్యలు' అనే వర్గంలోకి మార్చింది. మన పాత లెక్కల్లో నాలుగో వంతులు, పదహారో వంతులు రాయడానికి వాడిన తెలుగు భిన్నాల గుర్తులు 2008లో యూనికోడ్‌లోకి వచ్చి చేరింది కూడా ఆ వర్గంలోకే.

మామూలు సంఖ్యను గీజ్‌లోకి మార్చే పని వెబ్ ప్రమాణాల్లో అంచెలంచెలుగా రాసి ఉంది. ముందు సంఖ్యను కుడి నుంచి రెండేసి అంకెలుగా విడగొట్టాలి. 475203 అయితే 47, 52, 03. కుడి చివరి జత అలాగే ఉంటుంది. దాని ఎడమ జత తర్వాత నూరు గుర్తు, ఆ పై జత తర్వాత పదివేల గుర్తు వస్తాయి; ఇంకా జతలుంటే మళ్లీ ఇదే వరస. అంటే నలభై, ఏడు, పదివేలు, యాభై, రెండు, నూరు, మూడు. సున్నాతో పనే పడలేదు. జత మొత్తం 00 అయితే దానికి నూరు గుర్తు రాయరు, పదివేల గుర్తు మాత్రం వదలరు. జతలు ఒకటికి మించి ఉన్నప్పుడు, ఎడమ చివరి జత విలువ ఒకటే అయితే ఆ ఒకటి రాయరు. అందుకే పది లక్షలంటే నూరు, పదివేలు, అంతే. పది కోట్లయితే పదివేలు, పదివేలు. ఈ చిన్న మినహాయింపులు మరిచిపోయిన ప్రోగ్రాం చిన్న సంఖ్యల్లో బాగానే నడుస్తుంది, పెద్దవాటి దగ్గర బోల్తా పడుతుంది.

వరసలో పెట్టడం ఇంకో తలనొప్పి. గుర్తుల యూనికోడ్ నంబర్ల ప్రకారం అమర్చితే 200 ముందు వస్తుంది, 100 వెనక్కి పోతుంది. 200లో మొదటి గుర్తు రెండు, 100లో మొదటి గుర్తే నూరు. అలా 9000 కూడా 100 కన్నా ముందే నిలబడుతుంది. ఇప్పుడు ఇథియోపియాలో రోజువారీ లెక్కలన్నీ మనలాగే 1, 2, 3లతోనే. గీజ్ అంకెలు ఎక్కువగా చర్చి గ్రంథాల్లో, క్యాలెండర్లలో కనిపిస్తాయి. అందువల్ల తెలివైన దారి ఒకటే: లోపల మామూలు సంఖ్యగా దాచుకుని, తెర మీద చూపేటప్పుడు మాత్రమే గీజ్‌లోకి మార్చడం.