బో-బ్రామ్లీ: గెలిచిన సభ్యురాలు సభలో ఓటేస్తే జరిమానా

లండన్ తూర్పు భాగంలో బో-బ్రామ్లీ అనే నియోజకవర్గం ఉండేది. లండన్ కౌంటీ కౌన్సిల్ పుట్టిన 1889 నుంచి 1949 దాకా అది ఇద్దరేసి సభ్యులను సభకు పంపింది. ఆ అరవై ఏళ్లలో మొదటి మూడేళ్ల కథ తెలిస్తే, ఆడవాళ్లు స్థానిక సభల్లో కూర్చోవడానికి ఎంత గట్టి గోడ దాటాల్సి వచ్చిందో అర్థమవుతుంది.

అంతకుముందు లండన్ మురుగు కాలువలు, రోడ్ల పనులు చూసిన మెట్రోపాలిటన్ బోర్డును జనం నేరుగా ఎన్నుకునేవారు కాదు. అవినీతి ఆరోపణలతో ఆ బోర్డు పరువు పోయింది. 1888 చట్టంతో దాని స్థానంలో ఎన్నికైన కౌన్సిల్ వచ్చింది. పార్లమెంటు నియోజకవర్గాల హద్దులనే కౌన్సిల్ ఎన్నికలకూ తీసుకున్నారు. తొలి పోలింగ్ 1889 జనవరిలో జరిగింది.

బో అంటే అప్పట్లో కూలీల పేట. ఎన్నికలకు ఆరు నెలల ముందే, 1888 జులైలో, అక్కడి బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లలు సమ్మె చేసి గెలిచారు. వాళ్ల పని పరిస్థితులను పత్రికలో బయటపెట్టింది అనీ బిసెంట్. తర్వాత మద్రాసు అడయారులో స్థిరపడి, మన మదనపల్లెలో కాలేజీ పెట్టించిన అనీ బిసెంటే. ఆమె అదే ఏడాది నవంబరులో టవర్ హామ్లెట్స్ నుంచి లండన్ స్కూల్ బోర్డుకు ఎన్నికయ్యారు. స్కూల్ బోర్డులో ఆడవాళ్లు కూర్చోవడానికి 1870 నుంచే అడ్డు లేదు. కౌన్సిల్ విషయంలో మాత్రం చట్టం స్పష్టంగా ఏమీ చెప్పలేదు.

ఆ సందు చూసుకునే, లిబరల్ మొగ్గున్న ప్రోగ్రెసివ్ పక్షం తరఫున ఇద్దరు మహిళలు పోటీకి దిగారు. బ్రిక్స్‌టన్‌లో లేడీ శాండ్‌హర్స్ట్, బో-బ్రామ్లీలో జేన్ కాబ్డెన్. జేన్ ప్రసిద్ధ లిబరల్ నాయకుడు రిచర్డ్ కాబ్డెన్ కూతురు. ఆమె ఎన్నికల ఏజెంటు జార్జ్ లాన్స్‌బరీ, అప్పటికి ఇంకా ముప్ఫై ఏళ్లు నిండని లిబరల్ కార్యకర్త. పోటీ చేసిన ఇద్దరు మహిళలూ గెలిచారు. ఎమ్మా కాన్స్ అనే మరో మహిళను కౌన్సిలే ఆల్డర్మన్‌గా, అంటే జనం కాకుండా కౌన్సిల్ ఎంపిక చేసుకునే సభ్యురాలిగా తీసుకుంది.

బ్రిక్స్‌టన్‌లో 1,986 ఓట్లు తెచ్చుకున్న లేడీ శాండ్‌హర్స్ట్ మీద, 1,686 ఓట్లతో ఓడిపోయిన బెరెస్‌ఫర్డ్ హోప్ కోర్టుకెక్కాడు. కౌన్సిల్ ఎన్నికలకూ వర్తించిన 1882 మునిసిపల్ చట్టంలో ఒక సెక్షన్ ఉంది. పురుషులను సూచించే మాటలు ఓటు హక్కు విషయంలో స్త్రీలకూ వర్తిస్తాయని దాని సారం. ఓటు విషయంలో అని ప్రత్యేకంగా రాశారు కాబట్టి పోటీ చేసే విషయంలో వర్తించదని జడ్జీలు తేల్చారు. సొంతంగా పన్ను కట్టే పెళ్లికాని ఆడవాళ్లు, వితంతువులు 1869 నుంచీ మునిసిపల్ ఎన్నికల్లో ఓటేస్తున్నారు. వాళ్లు ఓటు వేయొచ్చు, ఓటు అడగకూడదు అన్నమాట.

కోర్టు అక్కడితో ఆగలేదు. అభ్యర్థి మహిళ అని అందరికీ తెలిసే ఓటేశారు కనుక ఆ ఓట్లు చెల్లవని చెప్పి, ఓడిన హోప్‌కే సీటు ఇచ్చేసింది. ఆ తీర్పులో నాకు అన్నిటికంటే అన్యాయంగా కనిపించేది ఇదే. అభ్యర్థికి అర్హత లేదనుకుంటే మళ్లీ ఎన్నిక పెట్టాలి. దాదాపు రెండు వేల మంది మాటను పక్కకు తోసేసి, వాళ్లు వద్దన్న మనిషిని వాళ్ల నెత్తిన పెట్టారు. ఈ తీర్పు చాలాకాలం బతికింది. 1961లో బ్రిస్టల్‌లో పార్లమెంటు దిగువసభకు టోనీ బెన్ గెలిచినా, తండ్రి నుంచి వచ్చిన ప్రభు వంశ బిరుదు కారణంగా ఆయన్ను అనర్హుడిగా ప్రకటించి ఓడిన అభ్యర్థికి సీటు ఇచ్చినప్పుడు కోర్టు అనుసరించింది ఈ సూత్రాన్నే.

బో-బ్రామ్లీలో జేన్ ఎన్నిక మీద ఎవరూ పిటిషన్ వేయలేదు. పన్నెండు నెలల్లోగా సవాలు చేయకపోతే ఎన్నిక చెల్లినట్టేనని అదే చట్టం చెబుతోంది. లాయర్ల సలహా మేరకు జేన్ ఆ ఏడాది గడిచేదాకా సభలో ఓటు వేయలేదు, కమిటీ పనులకు దూరంగా ఉన్నారు. 1890 ఫిబ్రవరి నుంచి పని మొదలుపెట్టారు. వెంటనే కౌన్సిల్‌లోని ప్రత్యర్థి పక్ష సభ్యుడు సర్ వాల్టర్ డిసౌజా కేసు వేశాడు. ఎన్నిక చెల్లినా ఆమె సభ్యురాలిగా పనిచేయడానికి తగిన వ్యక్తి కాదని 1891లో అప్పీలు కోర్టు తేల్చింది. ముందు 250 పౌండ్లుగా వేసిన జరిమానాను నామమాత్రంగా 5 పౌండ్లకు తగ్గించారు. జరిమానా కట్టకుండా జైలుకు వెళ్లమని లాన్స్‌బరీ లాంటివాళ్లు అన్నారు గానీ ఆమె ఒప్పుకోలేదు. చట్టం మార్చడానికి ఆ ఏడాదే పార్లమెంటులో పెట్టిన బిల్లు వీగిపోయింది. 1892 మార్చిలో పదవీకాలం ముగిసేదాకా జేన్ ఓటు లేని సభ్యురాలిగానే ఉండిపోయారు. మళ్లీ పోటీ చేయలేదు.

ఆమెను పిరికిదని అనడం నాకు ఇష్టం లేదు. వేసిన ప్రతి ఓటుకూ జరిమానా పడే చోట కుర్చీ వదలకుండా కూర్చోవడం కూడా పోరాటమే. నిజంగా నష్టపోయింది బో జనం. ఇద్దరు సభ్యుల్లో ఒకరి ఓటు వాళ్లకు లేకుండా పోయింది.

కౌంటీ కౌన్సిళ్లలో మహిళలు కూర్చోవచ్చని 1907 చట్టం ఒప్పుకుంది. 1910లో సుసాన్ లారెన్స్, హెన్రియెటా ఆడ్లర్ లండన్ కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు, ఇద్దరూ వేరే నియోజకవర్గాల నుంచే. అప్పటికి లేబర్ నాయకుడైన లాన్స్‌బరీ అదే ఏడాది బో-బ్రామ్లీ ఎంపీ అయ్యాడు. మహిళలకు పార్లమెంటు ఓటు కావాలని 1912లో రాజీనామా చేసి, అదే అంశం మీద మళ్లీ నిలబడ్డాడు. 751 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. జేన్‌ను కౌన్సిల్‌కు పంపిన ఎన్నికలో ఓటున్న బో ఆడవాళ్లకు ఈ ఎన్నికలో ఓటు లేదు. 1949 కౌన్సిల్ ఎన్నికల నాటికి హద్దులు మారి బో-బ్రామ్లీ సీటు పోప్లర్‌లో కలిసిపోయింది. కౌన్సిల్ కూడా 1965లో రద్దయింది.